మాస్ స్పెక్ట్రోమెట్రీలో ప్రోటీన్ల కృత్రిమ గుంపులు

ద్రావణంలో విడివిడిగా తిరిగే ప్రోటీన్ అణువులు మాస్ స్పెక్ట్రోమీటరులో తూచేసరికి ఒక్కోసారి రెండేసి, మూడేసి కలిసి ఒకే అయానుగా నమోదవుతాయి. వీటినే కృత్రిమ గుంపులు అంటారు. ఈ కలయిక జీవకణంలో జరిగింది కాదు, పరీక్షనాళికలో జరిగిందీ కాదు. ద్రావణం సన్నటి తుంపరగా చిమ్మి, నీరు ఆవిరై, ప్రోటీన్ అయానుగా మారే మిల్లీసెకన్ల వ్యవధిలో పరికరమే దాన్ని కల్పిస్తుంది. తెర మీద మాత్రం నిజమైన జంటకూ ఈ కల్పిత జంటకూ ద్రవ్యరాశి ఒక్కటే. తూకం ఒక్కటీ చూసి ఏది నిజమో చెప్పలేం.

ఇది పరికరాల నిపుణులకు మాత్రమే పట్టే చిక్కు కాదు. ఒక ప్రోటీన్ ఒంటరిగా పనిచేస్తుందా, జంటగానా, నాలుగేసి కలిసా అన్నది జీవరసాయన శాస్త్రంలో మౌలికమైన ప్రశ్న. హీమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు కలిసి ఉండబట్టే అది ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌ను పట్టుకుని కండరాల్లో వదలగలుగుతుంది. ఇన్సులిన్ రక్తంలో ఒంటరి అణువుగా పనిచేస్తుంది. క్లోమంలో నిల్వ ఉన్నప్పుడు జింకుతో కలిసి ఆరేసి అణువుల గుత్తి కడుతుంది. లెక్క తప్పితే ప్రోటీన్ చేసే పని గురించిన అవగాహనే తప్పుతుంది.

తుంపర నుంచి అయాను దాకా

ప్రోటీన్ల వంటి భారీ అణువులను చెదరకుండా వాయుస్థితికి తేవడం చాలాకాలం అసాధ్యంగా కనిపించింది. వేడిచేస్తే అవి ఆవిరి కావు, మాడిపోతాయి. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన మాల్కమ్ డోల్ 1968లో పాలీస్టైరీన్ ద్రావణాన్ని అధిక వోల్టేజి ఉన్న సన్నటి గొట్టం నుంచి చిమ్మి ఒక దారి చూపాడు. చిమ్మిన బిందువులు ఆవేశంతో బయటికొస్తాయి. ద్రావకం ఆవిరయ్యేకొద్దీ బిందువు చిన్నదవుతుంది, ఆవేశం మాత్రం దాని మీదే మిగులుతుంది. ఒక దశలో ఆవేశాల మధ్య వికర్షణ తలతన్యతను మించిపోయి బిందువు పగులుతుంది. ఆ హద్దును లార్డ్ రేలీ 1882లోనే లెక్కగట్టాడు. పగిలినప్పుడు తల్లి బిందువు తన ద్రవ్యరాశిలో సుమారు 2 శాతాన్ని, ఆవేశంలో సుమారు 15 శాతాన్ని చిన్న చిన్న పిల్ల బిందువులుగా విసిరేస్తుందని కొలతలు చెబుతున్నాయి. ఆవిరవడం, పగలడం ఇలా పలుమార్లు జరిగి, చివరికి ఒక్కో బిందువులో ఒక్కో అణువు మిగులుతుందని, ద్రావకం పూర్తిగా పోయాక ఆ బిందువు ఆవేశమే అణువు మీద నిలుస్తుందని డోల్ ఊహ.

ఆ ఊహలో ఒక షరతు దాగి ఉంది. ద్రావణం తగినంత పలచగా ఉంటేనే చివరి బిందువులో ఒక్క అణువు మిగులుతుంది. చిక్కగా ఉంటే రెండు మిగలవచ్చు, మూడు మిగలవచ్చు. కృత్రిమ గుంపుల సమస్య మొత్తం ఈ షరతులోనే ఉంది. అంటే ఈ పద్ధతి పుట్టిన రోజునే ఈ లోపమూ పుట్టింది.

డోల్ దారిని యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ ఫెన్ పట్టాలెక్కించాడు. ఎలక్ట్రోస్ప్రే అని పిలిచే ఈ చిమ్మే పద్ధతిని ఆయన బృందం 1984లో మాస్ స్పెక్ట్రోమీటరుకు జోడించింది. అదే ఏడాది లెనిన్‌గ్రాడ్‌లో అలెగ్జాండ్రోవ్ బృందం కూడా స్వతంత్రంగా అదే పని చేసింది. 1989 నాటికి ఫెన్ ప్రోటీన్లను బహుళ ఆవేశాలతో ఎగరేసి చూపించాడు. 2002 రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగాన్ని ఆయనా, లేజర్ పద్ధతికి బాట వేసిన జపాన్ ఇంజనీరు కోయిచి తనాకా పంచుకున్నారు.

బలహీనమైన బంధాలతో కలిసి ఉన్న జతలు ఈ ప్రయాణాన్ని తట్టుకుంటాయని 1991లో తేలింది. ప్రోటీన్‌ను అంటిపెట్టుకున్న మందు అణువును కార్నెల్‌లో గానెమ్, లి, హెనియన్ చూశారు. మయోగ్లోబిన్‌లోని హీమ్ చెక్కుచెదరకుండా రావడాన్ని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో కట్టా, చైట్ చూపించారు. ప్రోటీన్‌ను దాని సహజ ఆకృతిలో తూచే శాఖకు ఇదే ఆరంభం. అనుమానం కూడా వెంటనే మొదలైంది. కనిపించిన జత ద్రావణంలోనిదేనా, తుంపరలో తయారైందా? రిచర్డ్ స్మిత్, లైట్-వాల్ 1993లోనే ఈ ప్రశ్నను ముందుకు తెచ్చి, కనిపించిన ప్రతి జతనూ నమ్మవద్దని హెచ్చరించారు. ఆ హెచ్చరికకు విలువ ఇప్పటికీ తగ్గలేదు.

అన్ని అణువులూ డోల్ చెప్పిన దారిలోనే రావు. సోడియం వంటి చిన్న అయాన్లు బిందువు ఉపరితలం నుంచి నేరుగా ఎగిరిపోతాయని ఇరిబార్న్, థామ్సన్ 1976లో ప్రతిపాదించారు. ముడతలు విప్పుకున్న ప్రోటీన్ గొలుసు ఒక కొస నుంచి జారుతూ బయటపడుతుందని కెనడాకు చెందిన లార్స్ కోనర్‌మన్ బృందం కంప్యూటర్ అనుకరణలతో వివరించింది. ఈ రెండు దారుల్లో అణువు బిందువును వదిలి తనంత తానే పోతుంది. ముడుచుకుని గుండ్రంగా ఉన్న సహజ ప్రోటీన్ అలా పోలేదు, చివరి నీటిచుక్క ఆరేదాకా లోపలే ఉంటుంది. కాబట్టి దానితోపాటు లోపల చిక్కుకున్నదేదైనా దానికి అంటుకుంటుంది. ఆమ్లం, మిథనాల్ కలిపి ముడతలు విప్పి చేసే మామూలు విశ్లేషణలో కంటే, సహజ ఆకృతిని కాపాడుతూ చేసే విశ్లేషణలోనే ఈ బెడద ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం.

చివరి బిందువులో ఎన్ని

లెక్క చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఒక మైక్రోమీటరు వ్యాసం ఉన్న బిందువు ఘనపరిమాణం సుమారు అర ఫెమ్టోలీటరు. 10 మైక్రోమోలార్ గాఢత ఉన్న ద్రావణంలో అలాంటి ఒక్క బిందువులో దాదాపు 3,150 ప్రోటీన్ అణువులుంటాయి. అదే బిందువు వ్యాసం 150 నానోమీటర్లైతే అందులో ఉండేవి పది. గాఢతను 1 మైక్రోమోలార్‌కు తగ్గిస్తే సగటున ఒక్కటే. హైడెల్‌బర్గ్‌లోని యూరోపియన్ మాలిక్యులర్ బయాలజీ లేబొరేటరీలో విల్మ్, మాన్ 1990ల మధ్యలో రూపొందించిన నానో ఎలక్ట్రోస్ప్రే ఈ స్థాయి బిందువులను సాధ్యం చేసింది. సన్నగా సాగదీసిన గాజు సూది మొన నుంచి నిమిషానికి కొన్ని పదుల నానోలీటర్ల ద్రావణమే ప్రవహిస్తుంది, బిందువులు చాలా చిన్నగా పుడతాయి.

సగటున ఒకటి అంటే ప్రతి బిందువులో ఒకటే అని అర్థం కాదు. అణువులు ఏ బిందువులో పడతాయన్నది యాదృచ్ఛికం, పాయ్‌సాన్ విభజనను అనుసరిస్తుంది. దాని ప్రకారం రెండు అణువులున్న బిందువులకూ ఒక్క అణువున్న బిందువులకూ మధ్య నిష్పత్తి సరిగ్గా ఆ సగటులో సగం. చివరి బిందువుల్లో సగటు 1 అయితే ఒంటరి అణువు ఉన్న ప్రతి వంద బిందువులకూ జంట ఉన్నవి యాభై ఉంటాయి. సగటు 0.1కి తగ్గితే ఐదు. ఆ ఐదు బిందువుల్లో జంటగా చిక్కిన అణువులకు పరస్పరం ఏ ఆకర్షణా ఉండనక్కర్లేదు. ఒకే బస్సు దిగినంత మాత్రాన ప్రయాణికులు చుట్టాలైపోరు. కానీ స్పెక్ట్రమ్‌లో వాళ్ల పేర్లు ఒకే కుటుంబం కింద నమోదవుతాయి.

పలచన చేసి చూస్తే చాలదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. ప్రయోగశాలల్లో అందరూ మొదట చేసేది అదే. గాఢతను పదో వంతుకు తగ్గించినప్పుడు జంటల వాటా పడిపోతే అది కృత్రిమమని తేల్చేస్తారు. ఈ తీర్పు తొందరపాటే. బలహీనంగా బంధించుకునే నిజమైన జంటలు కూడా పలచన చేస్తే విడిపోతాయి. ద్రావణంలో జంటలకూ ఒంటరి అణువులకూ మధ్య నిష్పత్తి ఒంటరి అణువుల గాఢతను వియోజన స్థిరాంకంతో భాగిస్తే వస్తుంది. అంటే అదీ గాఢతకు అనులోమంగానే మారుతుంది. కృత్రిమ జంట నిష్పత్తీ గాఢతకు అనులోమమే. రెండూ ఒకే వాలు గీత మీద పడితే పలచన ఒక్కటే వాటిని విడదీయలేదు. పలచన చేసినా చెక్కుచెదరని జంట నిజమైనదని మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు. తగ్గిపోయిన జంట అబద్ధమని అంతే ధైర్యంగా చెప్పలేం.

రెండింటినీ విడదీసేది బిందువు పరిమాణం. ద్రావణంలోని సమతాస్థితికి గాఢతతోనే పని. పాత్ర ఎంత పెద్దదన్నది దానికి అక్కర్లేదు. కృత్రిమ కలయికకు గాఢతతో కాదు, ఒక బిందువులో చిక్కిన అణువుల సంఖ్యతో పని. ఆ సంఖ్య గాఢతనూ ఘనపరిమాణాన్నీ గుణిస్తే వస్తుంది. ద్రావణం అదే ఉంచి సూది మొన సన్నం చేసి బిందువు వ్యాసాన్ని సగానికి తగ్గిస్తే ఘనపరిమాణం ఎనిమిదో వంతవుతుంది. కృత్రిమ జంటలూ దాదాపు ఆ మేరకు తగ్గాలి. నిజమైన జంటలు కదలకూడదు. ఈ రంగంలో చేయగల పరీక్షలన్నిటిలోనూ తార్కికంగా గట్టిది ఇదే. బర్కిలీలో ఇవాన్ విలియమ్స్ బృందం వాడుకలోకి తెచ్చిన, మొన రంధ్రం మైక్రోమీటరు కంటే చిన్నగా ఉండే సూదులు దీనికి బాగా పనికొస్తాయి. అలాంటి సూదులు సోడియం అంటుకోవడాన్ని కూడా తగ్గిస్తాయి. వాటితో ఇబ్బందీ ఉంది. సన్నటి మొన తరచూ మూసుకుపోతుంది, గాజు ఉపరితలం ప్రోటీన్‌ను పట్టి లాగుతుంది.

బిందువు కుంచించుకుపోతుంటే లోపలి గాఢత ఎన్నో రెట్లు పెరుగుతుంది కదా, సమతాస్థితి కూడా జంటల వైపు జరగదా అన్న అభ్యంతరం ఉంది. జరగగలదు, కానీ సమయం చాలదు. నానో ఎలక్ట్రోస్ప్రే బిందువుల ఆయుష్షు మైక్రోసెకన్లలో ఉంటుంది. ఎలక్ట్రోస్ప్రే యంత్రాంగంపై దశాబ్దాలు పనిచేసిన అల్బర్టా విశ్వవిద్యాలయ ఆచార్యుడు పాల్ కెబార్లే ఈ కాలపరిమాణాలను పోల్చి, తొలి దశలో పుట్టిన పిల్ల బిందువులే అయాన్లను ఎక్కువగా ఇస్తాయి కాబట్టి ద్రావణంలోని సమతాస్థితి చాలావరకు చెదరకుండా నమోదవుతుందని వాదించాడు. పెద్ద బిందువులు పుట్టే పాత తరహా ఎలక్ట్రోస్ప్రేకు ఈ భరోసా అంతగా వర్తించదు.

నీరు పోయాక

చివరి బిందువులో ఇరుక్కున్న రెండు అణువులు నీరు ఆరిపోయాక ఎందుకు విడిపోవు? నీటి సాపేక్ష పర్మిటివిటీ దాదాపు 80, శూన్యానిది 1. నీటిలో లైసిన్, ఆర్జినిన్‌ల ధనావేశాలనూ గ్లుటామేట్, ఆస్పార్టేట్‌ల రుణావేశాలనూ నీటి అణువులు చుట్టుముట్టి వాటి ఆకర్షణను మందగింపజేస్తాయి. నీరు తప్పుకోగానే అవి ఒకదాన్నొకటి బలంగా పట్టుకుంటాయి. ప్రోటీన్ ఉపరితలం నిండా ఇలాంటి సమూహాలే. ఏ ముఖం ఏ ముఖానికి తగిలినా పట్టు దొరుకుతుంది.

దీనికి మరో పక్కా ఉంది. జలభీతి బంధాలు నీటి వల్లే బతుకుతాయి. నీరు లేనిచోట అవి బలహీనపడతాయి. ప్రధానంగా వాటి మీదే ఆధారపడిన నిజమైన జంట వాయుస్థితిలో విడిపోవచ్చు, యాదృచ్ఛికంగా తగిలిన జంట గట్టిగా నిలవవచ్చు. కాబట్టి అయాన్లను జడవాయువుతో ఢీకొట్టించి ఏది ముందు విడిపోతుందో చూసే పరీక్ష, ద్రావణంలో వాటి అనుబంధం గురించి నమ్మదగిన తీర్పు ఇవ్వదు. చాలా పత్రాల్లో ఆ పరీక్షనే నిర్ధారణగా చూపడం విచారకరం.

స్పెక్ట్రమ్‌లో ఆనవాళ్లు

ఎలక్ట్రోస్ప్రేలో ప్రోటీన్ ఒక్క శిఖరంగా కాక వేర్వేరు ఆవేశాలతో వరుస శిఖరాలుగా కనిపిస్తుంది. సహజ ఆకృతిలో ఉన్న ప్రోటీన్ గరిష్ఠంగా ఎన్ని ఆవేశాలు మోస్తుందో అంచనా వేసే సూత్రాన్ని ఫెర్నాండెజ్ దె లా మోరా 2000లో ఇచ్చాడు. డాల్టన్లలో ద్రవ్యరాశి వర్గమూలాన్ని 0.078తో గుణిస్తే సరిపోతుంది. అదే పరిమాణం ఉన్న నీటిబిందువుకు రేలీ హద్దు ఎంతో ఇదీ అంతే. డోల్ ఊహకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకలేదు.

యుబిక్విటిన్ అనే ప్రోటీన్‌ను తీసుకుందాం. దాని ద్రవ్యరాశి 8,565 డాల్టన్లు. సూత్రం ప్రకారం ఆవేశం 7 దాటదు; జంట 17,130 డాల్టన్లు, ఆవేశం 10 దాకా. స్పెక్ట్రమ్‌లో శిఖరం చోటు ద్రవ్యరాశిని ఆవేశంతో భాగించిన విలువ కాబట్టి, ఒంటరి అణువు 5 ఆవేశాలతో 1,714 దగ్గర కనిపిస్తుంది. 10 ఆవేశాలున్న జంట కూడా సరిగ్గా అక్కడే పడుతుంది. జంట ఆవేశం సరిసంఖ్య అయిన ప్రతిచోటా దాని శిఖరం ఒంటరి అణువు శిఖరం కిందే దాక్కుంటుంది. బేసి ఆవేశం ఉన్న జంటలే బయటపడతాయి. 9 ఆవేశాల జంట 1,904 దగ్గర విడిగా నిలుస్తుంది. ఈ సంగతి మరిచి బేసి శిఖరాలనే కూడితే జంటల వాటా తక్కువగా తేలుతుంది. సరి శిఖరాలన్నిటినీ ఒంటరి అణువుల ఖాతాలో వేస్తే ఆ తప్పు ఇంకా పెరుగుతుంది. ఐసోటోపు శిఖరాల ఎడాన్ని వేరుచేసి చూపగల అధిక విభేదన పరికరాలు ఈ దాగుడును బయటపెడతాయి. ఎడం ఐదో వంతైతే ఆవేశం 5, పదో వంతైతే 10.

యుబిక్విటిన్ నిజంగా జంట కట్టే శక్తి అత్యల్పం, దాని వియోజన స్థిరాంకం మిల్లీమోలార్ స్థాయిలో ఉంటుంది. 10 మైక్రోమోలార్ ద్రావణంలో జంటలు ఒక శాతానికి కూడా చేరవు. స్పెక్ట్రమ్‌లో పది శాతం కనిపిస్తే ఆ మిగులంతా తుంపర పనే.

మరో ఆనవాలు వరుసలో ఉంది. కృత్రిమ గుంపులు ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటూ ఏ అంకెనూ వదలకుండా క్రమంగా తగ్గుతూ పోతాయి. నిజమైన సముదాయాలకు ఇష్టమైన అంకెలుంటాయి. హీమోగ్లోబిన్ స్పెక్ట్రమ్‌లో ఒంటరి గొలుసులు, ఆల్ఫా–బీటా జంటలు, 64.5 కిలోడాల్టన్ల నాలుగు గొలుసుల సముదాయం కనిపిస్తాయి. మూడు గొలుసుల ముక్కకు చోటుండదు. హీమోగ్లోబిన్‌లో నాలుగు భాగాలున్నాయని కేంబ్రిడ్జిలో గిల్బర్ట్ అడైర్ 1925లోనే ద్రవాభిసరణ పీడనం కొలిచి చెప్పాడు. స్పెక్ట్రమ్ ఆ పాత సత్యాన్నే మళ్లీ చూపుతుంది. అదే నమూనాలో గాఢత పెంచితే ఎనిమిది గొలుసుల శిఖరం కూడా వస్తుంది. అప్పుడు ఒక్క స్పెక్ట్రమ్‌లోనే నిజమైన నాలుగూ, నాలుగు-నాలుగు అతికిన కృత్రిమ ఎనిమిదీ పక్కపక్కన ఉంటాయి.

అల్జీమర్స్ పరిశోధనలో ఈ తేడాకు ఎంతో ప్రాధాన్యం ఉంది. మెదడులో పేరుకునే ఎమిలాయిడ్ బీటా చిన్న చిన్న గుత్తులుగా ఉన్నప్పుడే హాని చేస్తుందన్న అభిప్రాయం బలంగా ఉంది కాబట్టి, ఏ పరిమాణపు గుత్తులు నిజంగా ఉన్నాయన్నది తేలాలి. శాంటా బార్బరాలో మైకేల్ బవర్స్ బృందం 2009లో అయాన్ల చలనశీలతను కూడా కొలిచి, 42 అమైనో ఆమ్లాల రకం నాలుగు, ఆరు, పన్నెండు అణువుల గుత్తులు కడుతుందని, 40 అమైనో ఆమ్లాల రకం నాలుగుకు మించి సాగదని చూపింది. అంకెలను ఎంచుకున్న తీరు, రెండు రకాల మధ్య తేడా కలిసి ఆ ఫలితానికి బలమిచ్చాయి. తుంపరకు ఈ రెండు పెప్టైడ్ల మధ్య తేడా తెలియదు. అది రెండింటినీ ఒకేలా అతికించేది.

నిజం తేల్చే దారులు

సులభమైనదీ నమ్మదగినదీ సాక్షి ప్రోటీన్‌ను కలపడం. పరీక్షించే ప్రోటీన్‌తో ఏ సంబంధమూ లేని, పరిమాణంలో దానికి దగ్గరగా ఉన్న మరో ప్రోటీన్‌ను అదే ద్రావణంలో వేస్తారు. ఈ రెండూ కలిసిన మిశ్రమ జంట స్పెక్ట్రమ్‌లో కనిపిస్తే అది ఖాయంగా కృత్రిమం. మిశ్రమ జంట ఎంత ఉందో తెలిస్తే సొంత జంటల్లో కృత్రిమ వాటాను కూడా లెక్కగట్టి తీసేయవచ్చు. అల్బర్టా విశ్వవిద్యాలయంలో జాన్ క్లాసెన్ బృందం 2006లో ప్రోటీన్‌కు చిన్న అణువులు అంటుకునే సందర్భం కోసం ఈ ఆలోచనను పకడ్బందీ పద్ధతిగా మలిచింది. బంధించని ప్రోటీన్‌కు ఎంత అంటుకుందో, బంధించే ప్రోటీన్ లెక్కలోంచి అంత మినహాయిస్తారు. జస్టిన్ బెనెష్, కేరల్ రాబిన్సన్‌లతో కూడిన బృందం 2009లో బిందువుల్లో అణువులు పడే తీరును మాంటీ కార్లో పద్ధతిలో అనుకరించి, కనిపించిన గుంపుల్లో యాదృచ్ఛికత ఎంతవరకు సరిపోతుందో తేల్చే మార్గం చూపింది.

పరిమాణాన్ని బట్టి వేరుచేసే క్రొమటోగ్రఫీ గొట్టాన్ని పరికరానికి ముందు కలిపితే మరో సాక్ష్యం దొరుకుతుంది. నిజమైన జంట పెద్దది కాబట్టి ముందుగా బయటికొస్తుంది. ఒంటరి అణువు వచ్చే నిమిషంలోనే జంట శిఖరం కూడా కనిపిస్తే అది అప్పుడే తుంపరలో పుట్టిందన్నమాట. అల్ట్రాసెంట్రిఫ్యూజ్, కాంతి పరిక్షేపణం వంటి పాత పద్ధతులకు తుంపరతో పనిలేదు కాబట్టి వాటి మాటకు విలువ ఎక్కువ. ఆక్స్‌ఫర్డ్‌లో ఫిలిప్ కుకురా బృందం 2018లో ప్రకటించిన మాస్ ఫోటోమెట్రీ ఒక్కో అణువు చెదరగొట్టే కాంతితో దాన్ని ద్రావణంలోనే తూస్తుంది. నానోమోలార్ గాఢతల్లో పనిచేస్తుంది కాబట్టి బలహీనమైన జంటలు మాత్రం దానికి చిక్కవు.

లేజర్‌తో అయాన్లు పుట్టించే మాల్డి పద్ధతిలోనూ గుంపులు కడతాయి. అక్కడ తుంపర లేదు. ప్రోటీన్, దానితో కలిపే మాట్రిక్స్ అనే పదార్థం కలిసి స్ఫటికంగా ఆరేటప్పుడు, లేజర్ తగిలి పదార్థం పైకి లేచేటప్పుడు అణువులు అతుక్కుంటాయి. 66 కిలోడాల్టన్ల పశు సీరం ఆల్బుమిన్ స్పెక్ట్రమ్‌లో 133 కిలోడాల్టన్ల దగ్గర కనిపించే శిఖరం ఈ రంగంలో అందరికీ పరిచయమే.

తెలుగు నేలకు ఈ విషయంతో నేరుగా సంబంధం ఉంది. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో జాతీయ మాస్ స్పెక్ట్రోమెట్రీ కేంద్రం ఉంది. రిటుక్సిమాబ్ బయోసిమిలర్‌ను 2007లో విడుదల చేసిన డాక్టర్ రెడ్డీస్ ఈ నగరానిదే. ఇలాంటి ప్రతిదేహ ఔషధాల్లో అణువులు గుమిగూడితే రోగి రోగనిరోధక వ్యవస్థ మందుకే ఎదురుతిరిగే ప్రమాదం ఉంది, కాబట్టి గుంపుల పరిమాణాన్ని ప్రతి బ్యాచ్‌లో కొలుస్తారు. అక్కడ పరికరం కల్పించిన జంటను మందులో ఉన్నట్టు రాస్తే మంచి మందు తిరస్కరణకు గురవుతుంది. నిజమైన జంటను పరికరం లోపంగా కొట్టిపారేస్తే రోగి నష్టపోతాడు.

ఈ రంగంలోకి వచ్చే తెలుగు విద్యార్థులు, పరిశోధకులు ప్రోటీన్ల జంటలను ప్రకటించే ఏ పత్రం చదివినా మూడు వివరాల కోసం వెతకాలి: ద్రావణం గాఢత, సూది మొన రంధ్రం వ్యాసం, సాక్షి ప్రోటీన్ ఫలితం. తమ పత్రాల్లోనూ వాటిని తప్పక రాయాలి. ఆ మూడూ లేనిచోట జంట శిఖరాన్ని జంట ఉందనడానికి రుజువుగా ఒప్పుకోకండి.